ఇన్ని తలుపులెందుకు?

మా ఆఫీసు నుంచి హోబర్న్ ట్యూబ్ స్టేషన్‌కి నడిచే దారిలో ఒక పబ్బుంది. పేరు ప్రిన్సెస్ లూయీజ్. దాదాపు రెండేళ్ళు రోజూ దాని ముందునుంచే పోయాను గానీ లోపలికి తొంగి చూడలేదు. లండన్లో పాత పబ్బంటే మన ఊళ్ళో వేపచెట్టు లాంటిది. ప్రతి మలుపులోనూ ఒకటుంటుంది, ఎవరూ తలెత్తి చూడరు.

ఒక శుక్రవారం సాయంత్రం, మా టీములో ఒక పెద్దాయన రిటైరవుతుంటే అందరం అక్కడికి వెళ్ళాం. తలుపు తోసి లోపలికి అడుగు పెట్టగానే నోట మాట రాలేదు. కాళ్ళకింద మొజాయిక్ నేల. గోడల నిండా పూలూ లతలూ ఉన్న టైల్స్. వాటి మధ్య నిలువెత్తు అద్దాలు, అద్దాల మీద బంగారు రంగు గీతల్లో మళ్ళీ పూలు. ముదురు గోధుమరంగు చెక్క, దానికి చెక్కిన స్తంభాలు. కింద మగవాళ్ళ టాయిలెట్టుకి వెళ్తే అక్కడా పాలరాయే. ఒక రాజుగారి బంగళాలోకి పొరపాటున వచ్చి, ఎవరైనా పట్టుకునేలోపు బయటపడాలనిపించింది. తీరా చూస్తే కూర్చున్నవాళ్ళంతా నాలాంటివాళ్ళే. మెళ్ళో ఐడీ కార్డులు కూడా తియ్యలేదు.

ముందే చెప్పేస్తాను, నేను పెద్ద తాగేవాణ్ణి కాను. ఎప్పుడైనా ఒక హాఫ్ పైంటు. అది కూడా అమ్మ ఇక్కడిదాకా వచ్చి చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను. నన్ను పట్టుకున్నది బీరు కాదు, ఆ గాజు. ఇంజనీరింగ్ చదివిన బుర్ర కదా, అందమైనదేదైనా కనపడితే ముందు ఎలా చేశారన్న ప్రశ్నే వస్తుంది. ఆ తర్వాత చాలా వారాంతాలు ఇలాంటి పబ్బుల గురించి చదవడానికీ, తిరగడానికీ పోయాయి.

ఈ కట్టడం 1872 నాటిది. విక్టోరియా రాణి నాలుగో కూతురి పేరు పెట్టారు. (ఆ అమ్మాయి శిల్పి కూడా. కెన్సింగ్టన్ ప్యాలెస్ ముందున్న విక్టోరియా విగ్రహం కూతురు చెక్కినదే. కెనడాలో అందరూ ఫొటోలు దిగే లేక్ లూయీజ్ కూడా ఈమె పేరే.) ఇప్పుడు మనం చూసే లోపలి సింగారమంతా 1891లో వచ్చింది. ఆర్థర్ చిట్టీ అనే ఆర్కిటెక్టు, టైల్స్‌కి సింప్సన్ కంపెనీ, అద్దాలకి మోరిస్ కంపెనీ. ఒక సారాకొట్టుకి ఇంత హంగామా ఎందుకన్న ప్రశ్నకి జవాబు కళలో దొరకదు. పన్నుల్లో, లైసెన్సుల్లో, షేర్ మార్కెట్లో దొరుకుతుంది.

ఇంగ్లండులో గాజు మీద పన్ను ఉండేది. అది 1845లో పోయింది. కిటికీల మీద పన్ను కూడా ఉండేది, అది 1851లో పోయింది. అంతకుముందు పెద్ద అద్దం పెట్టడమంటే డబ్బున్న మారాజులకే. ఆ తర్వాత బీరు అమ్మేవాడికీ అందుబాటులోకొచ్చింది. మొక్కని గాజు మీదకి ఎక్కించడానికి ఆమ్లం వాడేవాళ్ళు. గాజు మీద కొరకకూడని భాగాలకి నల్లటి పూత పూసి, మిగతాదాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లానికి అప్పజెప్పడమే. రెండుమూడుసార్లు అలా చేస్తే ఒకే గాజులో రెండుమూడు రకాల మసక వస్తుంది. ఆకు ఒక మసక, ఈనె ఇంకో మసక. లోతుగా మెరిసే గాట్లు కావాలంటే తిరిగే రాతి చక్రానికి గాజు పలకని ఆనించి కొయ్యాలి. పలక బరువు కాబట్టి దాన్ని పైనుంచి తాళ్ళకి వేలాడదీసి, ఆ చివర బరువు కట్టి, ఒక మనిషి చేతుల్తో అటూ ఇటూ నడిపేవాడు. ఆ ఆమ్లపు పొగ పీల్చినవాళ్ళ ఊపిరితిత్తుల సంగతి పబ్బు గోడ మీద ఎక్కడా రాసి ఉండదు.

ఇక లైసెన్సుల కథ. 1830లో ఒక చట్టం తెచ్చారు. రెండు గినీలు కట్టిన ఏ ఇంటి యజమానైనా బీరు అమ్ముకోవచ్చు. జనం జిన్ను తాగి పాడైపోతున్నారు, బీరైతే నయమని దొరల ఆలోచన. వేలకొద్దీ కొట్లు పుట్టుకొచ్చాయి. వాళ్ళు తలపట్టుకుని 1869లో మళ్ళీ పగ్గాలు మేజిస్ట్రేట్ల చేతికిచ్చారు. కొత్త లైసెన్సు దొరకడం కష్టమైంది, ఉన్న లైసెన్సుకి రేటు పెరిగింది. 1886లో గిన్నిస్ షేర్లు జనానికి అమ్మితే ఎగబడి కొన్నారు. మిగతా బీరు కంపెనీలూ అదే దారి పట్టి, వచ్చిన డబ్బుతో పబ్బులు కొనడం, అప్పులిచ్చి పబ్బులని తమకి కట్టేసుకోవడం మొదలుపెట్టాయి. మన దగ్గర రియల్ ఎస్టేట్ ఊపులో సందుకో ఫంక్షన్ హాలు లేచినట్టు 1890ల్లో లండన్లో ఈ అద్దాల పబ్బులు లేచాయి. పక్కవాడిది వెలిగిపోతుంటే మనది మసగ్గా ఉంటే ఎలా? ఆ దశాబ్దం చివరికి బుడగ పేలింది, చాలామంది దివాలా తీశారు. మనకి టైల్స్ మిగిలాయి.

లివర్‌పూల్లో ఉన్న ఫిల్హార్మోనిక్ డైనింగ్ రూమ్స్ 1900 నాటికి పూర్తయింది. అది వీటన్నిటికీ పెద్దన్న. 2020లో దానికి గ్రేడ్ 1 హోదా ఇచ్చారు. పెద్ద పెద్ద చర్చిలకీ, రాజభవనాలకీ ఇచ్చే హోదా అది. దాని మగవాళ్ళ టాయిలెట్టు చూడ్డానికి ఆడవాళ్ళు కూడా అనుమతి అడిగి మరీ వెళ్తారు. వీలైతే వెళ్ళి చూడండి.

సరే, ఇదంతా ఎవరైనా చెప్తారు. నేను అసలు రాయాలనుకున్నది గోడల గురించి.

ప్రిన్సెస్ లూయీజ్‌లో నడుమ కౌంటరు. దాని చుట్టూ చెక్కతో, పూలగాజుతో చేసిన అడ్డగోడలు. అంటే ఒకే హాలు చిన్న చిన్న అరలుగా ఉంటుంది. ఒక్కో అరలో పట్టుమని పదిమంది పడతారు. పక్కన సన్నటి నడవా, నడవాలోంచి ఒక్కో అరలోకి ఒక్కో తలుపు. సంగీతం లేదు, టీవీ లేదు. నలుగురం ఒక అరలో దూరి కూర్చుంటే మా ఊళ్ళో వర్షం పడుతుంటే వసారాలో కూర్చున్నట్టు ఉండేది. ఇంత హాయిగా మాట్లాడుకునే చోటు లండన్లో ఇంకోటి లేదని నేను చాలామందికి చెప్పాను, కొంతమందిని తీసుకెళ్ళాను కూడా.

పోయిన వేసవిలో నాన్న వచ్చారు. రిటైరైన బడిపంతులు. బ్రిటిష్ మ్యూజియం చూపించి, అమరావతి శిల్పాల ముందు ఆయన కోపమూ చూసి, కాళ్ళు నొప్పులంటుంటే దగ్గరే కదా అని ఇక్కడికి తీసుకొచ్చాను. ఆయన చుక్క ముట్టరు. ఆరెంజ్ జ్యూస్ చేతికిచ్చి, టైల్స్ గురించీ ఆమ్లం గురించీ పైన రాసిందంతా అప్పజెప్పాను. విన్నారు. గాజుని వేలితో తడిమి చూశారు. తర్వాత నడవాలోకి వెళ్ళి అటునుంచి ఇటు నడిచొచ్చి అడిగారు.

"ఇన్ని తలుపులెందుకురా?"

నిజం చెప్పాలంటే దీనికి జవాబు నాకు తెలుసు. పుస్తకాల్లో చదివాను. ఎవరికీ చెప్పలేదంతే. కూలివాళ్ళకి పబ్లిక్ బార్. అక్కడ ఉత్త బల్లలు, నేల మీద రంపపు పొట్టు. గుమాస్తాలకీ షాపు యజమానులకీ సెలూన్ బార్. అక్కడ మెత్తటి సీట్లు, అదే బీరుకి కాస్త ఎక్కువ ధర. ఆడవాళ్ళకీ, కంటపడకూడని పెద్దమనుషులకీ ప్రైవేట్ బార్. ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళకి జగ్ అండ్ బాటిల్ అని ఇంకో మూల. చెంబు పట్టుకుని పిల్లలొచ్చేవాళ్ళు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకి మూత సీలు చెయ్యకుండా అమ్మకూడదని 1901లో చట్టం తేవాల్సొచ్చింది, ఎందుకంటే పిల్లలు దారిలో గుక్కెడు తాగేసేవాళ్ళు. అన్నిటికీ కౌంటరు ఒకటే, పీపా ఒకటే, పోసే మనిషి ఒకడే. తలుపులే వేరు. ఇక్కణ్ణుంచి కాస్త నడిస్తే ది ల్యాంబ్ అనే పబ్బులో కౌంటరు మీద కంటి ఎత్తులో తిరిగే చిన్న చిన్న గాజు తలుపులున్నాయి. వాటి పేరే స్నాబ్ స్క్రీన్స్. తాగే దొరగారి మొహం అవతలి వైపు మనిషికీ, పోసేవాడికీ కనపడకుండా అడ్డం అవి. తిప్పితే చెయ్యి పట్టేంత సందు. డబ్బు అటు, గ్లాసు ఇటు.

ఇదంతా చెప్పాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "వీళ్ళు చాలా ఖర్చు పెట్టారు. మన హోటల్లో అయితే చూరు సరిపోయింది," అన్నారు.

మన హోటలంటే మా తాతయ్యది. నేను పుట్టేనాటికే అది మూతపడింది. మా ఇంట్లో దాని గురించి చెప్పుకునేవన్నీ ముచ్చట్లే. తెల్లారి నాలుక్కే పొయ్యి రాజేసేవాడనీ, ఆయన టీ కోసం పక్క ఊరినుంచి సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళనీ, మైసూర్ బజ్జీ అయిపోతే జనం తిట్టుకునేవాళ్ళనీ. నాకు గుర్తున్న తాతయ్య జేబులో ఎప్పుడూ బిళ్ళలుంచుకునే మంచి మనిషి. ఆ ముచ్చట్లలో చూరు ఎప్పుడూ రాలేదు.

బల్ల మీద తాగేవాళ్ళకి గాజు గ్లాసులు. బయట చూరు సందులో బోర్లించి పెట్టిన సత్తు గ్లాసులు. దళితవాడ నుంచి వచ్చినవాళ్ళు చూరులోంచి గ్లాసు తీసుకుని, కడుక్కుని, కింద పెట్టి, దూరంగా జరగాలి. పైనుంచి టీ పోస్తారు. తాగి, మళ్ళీ కడిగి, చూరులో పెట్టి వెళ్ళాలి. టీ ఒకటే, గిన్నె ఒకటే, ధర కూడా ఒకటే. సాయంత్రాలు బడి నుంచి వచ్చాక ఆ పోసే పని నాన్నది. క్లాసులో ఆయన పక్కన కూర్చునే కుర్రాడు వాళ్ళ నాన్నతో కలిసి అక్కడికి వచ్చేవాడట.

"బడిలో ఒకే బెంచీ. ఇక్కడికొచ్చేసరికి నేను పైనుంచి పోసేవాణ్ణి. వాడు తలొంచుకుని గ్లాసు వైపే చూసేవాడు. నేనూ గ్లాసు వైపే చూసేవాణ్ణి," అన్నారు.

ఆయన నాకీ మాట చెప్పడానికి అరవయ్యేళ్ళు పట్టింది, ఒక ఇంగ్లీషు సారాకొట్టు కావాల్సొచ్చింది.

ఇక్కడ కొంతమంది "పబ్బు గురించి రాస్తూ కూడా కులం లాక్కొచ్చావా" అంటారని తెలుసు. నేను లాక్కురాలేదు, ఆ తలుపులు లాక్కొచ్చాయి. రెండూ ఒకటే అని కూడా నేననడం లేదు. పెద్ద తేడా ఉంది. పబ్బులో కూలివాడి దగ్గర ఆ రోజు ఇంకో నాణెం ఎక్కువుంటే, కాస్త శుభ్రమైన కోటు తొడుక్కుంటే సెలూన్ బార్లోకి నడవగలడు. ఓరగా చూస్తారేమో గానీ పోస్తారు. మా తాతయ్య హోటల్లో ఎన్ని నాణేలు తెచ్చినా చూరు గ్లాసు గాజు గ్లాసయ్యేది కాదు.

దానికి దగ్గరగా వచ్చేది ఇక్కడ ఇంకోటుంది, అది రంగు. 1950లు, 60ల్లో బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్ అనే ఊళ్ళో ఇనుప ఫౌండ్రీల్లో పని చెయ్యడానికి వచ్చిన పంజాబీలు సాయంత్రం పబ్బుకి వెళ్తే, చాలా చోట్ల లౌంజ్ గదిలోకి రానిచ్చేవాళ్ళు కాదు. పబ్లిక్ బార్ వైపు తలుపు చూపించేవాళ్ళు. జేబులో జీతం ఉన్నా సరే. విక్టోరియా కాలంలో కోటు చూసి మనిషిని వేరుచేసిన గోడలు చర్మం చూసి వేరుచెయ్యడానికి పనికొచ్చాయన్నమాట. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్‌లో అవతార్ సింగ్ జోహల్, ఆయన స్నేహితులు దీని మీద ఏళ్ళతరబడి పోరాడారు. 1965 ఫిబ్రవరి 12న మాల్కమ్ ఎక్స్ స్మెథిక్ వచ్చాడు. వాళ్ళతో కలిసి బ్లూ గేట్స్ అనే పబ్బులోకి వెళ్తే అక్కడ పొయ్యలేదు, పబ్లిక్ బార్‌కి పొమ్మన్నారు. తొమ్మిది రోజుల తర్వాత న్యూయార్క్‌లో ఆయన్ని చంపేశారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన రేస్ రిలేషన్స్ చట్టం పబ్బులు, హోటళ్ళలాంటి చోట్ల ఈ వివక్ష చెల్లదంది.

ఇక్కడ ఒక సంగతి నాకు మింగుడుపడదు. మన అంటరానితనం నేరాల చట్టం 1955లోనే వచ్చింది. ఇంగ్లండు కంటే పదేళ్ళు ముందు. అందులో హోటళ్ళలో పాత్రల గురించి విడిగా రాశారు. అందరి కోసం పెట్టిన పాత్రని ఒక మనిషి వాడకుండా ఆపడం నేరమని. అంటే మా తాతయ్య పొయ్యి రాజేస్తున్నప్పటికే ఆ సత్తు గ్లాసు చట్టప్రకారం నేరం. బడిపంతులైన మా నాన్నకీ ఆ సంగతి చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు. ఊళ్ళో ఎవరూ తెలుసుకోవాలనుకోలేదు కూడా.

మళ్ళీ ప్రిన్సెస్ లూయీజ్‌కి వద్దాం. ఇప్పుడు మనం చూసే అడ్డగోడలు పాతవి కావు. పాతవి ఎప్పుడో తీసేశారు. ఇరవయ్యో శతాబ్దంలో దేశమంతా పబ్బుల్లో గోడలు కొట్టేసి ఒకే పెద్ద గది చేశారు. సమానత్వం కోసం కాదు, తక్కువమంది పనివాళ్ళతో నడపొచ్చని, అందరి మీదా ఒక కన్నేసి ఉంచొచ్చని. 1890ల్లోనే మేజిస్ట్రేట్లు ఈ అరలొద్దని, లోపల ఏం జరుగుతుందో కనపడదని సణిగేవాళ్ళు. 2007-08లో ఈ పబ్బు యజమానులు, యార్క్‌షైర్ బీరు కంపెనీ శామ్యూల్ స్మిత్, పాత తీరులోనే ఆ గోడలన్నీ మళ్ళీ కట్టించారు. పాత కట్టడాల ప్రేమికులు పండగ చేసుకున్నారు.

కట్టకుండా ఉండాల్సిందా? నాన్నతో ఆ మధ్యాహ్నం తర్వాత చాలా రోజులు ఈ ప్రశ్న తొలిచింది. నా లెక్క ప్రకారం కట్టడమే మంచిదైంది. గోడలు కొట్టేసిన పబ్బులో నిలబడితే, ఇంత అందమైన చోట అందరూ కలిసిమెలిసి తాగేవాళ్ళు కాబోలు అనుకుంటాం. గోడ ఉంటేనే మా నాన్నలాంటివాడొచ్చి అడగ్గలడు, ఇన్ని తలుపులెందుకని. నాకున్న ఫిర్యాదు గోడ మీద కాదు, దాని గురించి రాసేవాళ్ళ మీద. ఈ అరల గురించి నేను చదివిన గైడుల్లో చాలావాటిలో "హాయిగా, ముచ్చటగా" అనే మాటలే ఉంటాయి. ఆ హాయి ఎవరిని బయట పెడితే వచ్చిందో ఒక్క వాక్యం రాయొచ్చు కదా. పక్కనున్న మనిషి కంటపడకపోవడాన్నే ఆ రోజుల్లో సౌఖ్యమని అమ్మారు. నేను అందులో కూర్చుని వసారాతో పోల్చుకున్నాను. మా వసారాలోకి ఎవరు రాగలిగేవాళ్ళు, ఎవరు వాకిట్లోనే నిలబడేవాళ్ళు అన్నది ఆ పోలిక రాసుకునేటప్పుడు నాకు తట్టలేదు.

మా తాతయ్య హోటల్ స్థలంలో ఇప్పుడు సెల్ ఫోన్ల షాపుంది. చూరు లేదు, గ్లాసులు లేవు. ఏ ఫొటోలోనూ లేవు. మా కుటుంబానికి అది ఎంత సుఖమైన చెరిపివేతో ఆలోచించండి. కిందటిసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడు మా బంధువుల అపార్టుమెంటులో పనివాళ్ళకీ, పార్సిల్ కుర్రాళ్ళకీ వేరే లిఫ్టు. పక్కన కాగితం అంటించారు. ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. నేనూ చూడలేదు. ఏ లిఫ్టు ముందొస్తే అది ఎక్కేసి, ఎక్కినందుకు నన్నెవరూ ఏమీ అనరని కూడా గమనించకుండా ఫోను చూసుకుంటూ పైకెళ్ళిపోయాను.

ఆ రోజు జ్యూస్ అయిపోయాక నాన్న టాయిలెట్టుకెళ్ళి ఆ పాలరాయి కూడా చూసొచ్చారు. "బానే ఉంది, కానీ జారుతోంది," అన్నారు. ట్యూబ్‌లో జనం తగ్గేదాకా ఆగుదామన్నాను. నేను కోటు వేసుకునేలోపు ఆయన మేం కూర్చున్న అర తలుపు తీసుకుని నడవాలోకి వెళ్ళారు. బయటికెళ్ళిపోయారేమోనని కంగారుపడి చూస్తే, పూలగాజు వెనకాల ఆయన టోపీ నీడ మెల్లగా కదిలి వెళ్తోంది. రెండు నిమిషాల తర్వాత అవతలి వైపు తలుపు తెరుచుకుంది. కౌంటరుకి ఆ పక్క అరలోంచి, గ్లాసులు తుడుస్తున్న అమ్మాయి భుజం మీదుగా నాకు చెయ్యి ఊపారు. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, ఏం కావాలండీ అని అడిగింది. మంచినీళ్ళడిగారు.